శౌచమంటే మరుగుపరచడం కాదు

ప్రాతఃస్నానం, ఆచమనం, పాత్రశుద్ధి అంటూ మనం శౌచాన్ని నియమంగా పాటిస్తాము. కానీ ఆ జలం గృహద్వారం దాటిన పిదప దాని గతి ఏమిటని విచారించేవారు అరుదు. ఈ విచారణ లౌకికంగా తోచినా, వస్తుతః ధర్మసంబంధమైనదే.

నగరపు మురుగునీటిని శుద్ధి చేసినప్పుడు నీరు తేరుకుంటుంది. మాలిన్యంలో అధికభాగం మాత్రం నశించక, స్లడ్జ్ అని పిలిచే చిక్కని బురదగా మిగులుతుంది. గాలి చొరని తొట్లలో సూక్ష్మజీవులు దానిని జీర్ణం చేస్తే మీథేన్ ప్రధానమైన ఇంధనవాయువు లభిస్తుంది. పైరుకు ప్రాణాధారాలైన నత్రజని, భాస్వరం కూడా అందులో ఉన్నాయి. భాస్వరశిల గనులలో తరిగిపోయే ద్రవ్యం. భూమి నుండి అన్నరూపంలో వచ్చినది మరల భూమికే చేరడం గీత తృతీయాధ్యాయంలోని యజ్ఞచక్ర భావనకు అనుగుణమే. కనుక ఈ పునఃస్వీకరణ ఆమోదయోగ్యం.

అయితే వనరు అని పేరు పెట్టినంత మాత్రాన మలినం పవిత్రం కాదు. ఆ బురదలోనే కాడ్మియం, సీసం వంటి భారలోహాలు, ఔషధశేషాలు, ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాలు ఉంటాయి. ఈ భయంతోనే స్విట్జర్లాండ్ 2006లోనూ, అమెరికాలోని మెయిన్ రాష్ట్రం 2022లోనూ దానిని పొలాలలో చల్లడాన్ని నిషేధించాయి. జర్మనీ 2017లో చేసిన నిబంధన ప్రకారం, భాస్వరం అధికంగా గల బురద నుండి దానిని వేరుచేసే బాధ్యత 2029 నుండి పెద్ద శుద్ధికేంద్రాలపై పడుతుంది.

వేరుచేయడమూ నిర్దోషమైన కర్మ కాదు. బురదను దహించి బూడిద నుండి భాస్వరం తీస్తే అధికభాగం దక్కుతుంది. కానీ ఇంధనం, ఆమ్లాలు వ్యయమై, లోహశేషం మిగులుతుంది. ద్రవభాగం నుండి స్ట్రువైట్ స్ఫటికాలుగా తీస్తే శుద్ధమైన ఎరువు వస్తుంది, కానీ స్వల్పభాగమే. తొట్ల నుండి తప్పించుకున్న మీథేన్ నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూతాపకరం.

కనుక యంత్రం చేసే శుద్ధికి ముందు మనం చేయవలసిన శుద్ధి ఒకటుంది. విషాన్ని కలిపి, పిదప అపారవ్యయంతో విడదీయడం వివేకం కాదు, కలపకుండుటే వివేకం. “పరిశ్రమలే దోషులు, గృహస్థుడేమి చేయగలడు?” అని కొందరంటారు. పరిశ్రమల వ్యర్థజలాన్ని గృహాల మురుగుతో కలవనీయకుండుట పాలకుల ధర్మం. కాలం చెల్లిన ఔషధాలను, రంగులను, వాడిన నూనెను కాలువలో వంపకుండుట గృహస్థధర్మం. ఒకటి లోపించినదని రెండవది తొలగిపోదు.

హైదరాబాదు దిగువన మూసీ తీరంలో నగరం విడిచిన నీటితోనే వరి, ఆకుకూరలు, పశుగ్రాసం పండుతున్నాయి. మనం వంపినది పరుల క్షేత్రంలో పడుతోంది. అక్కడి నుండి అన్నమై, క్షీరమై మన నైవేద్యపాత్రలోకే రావచ్చు. కంటికి కనబడనంత మాత్రాన అది హింస కాకపోదు.

మాలిన్యాన్ని దృష్టి నుండి తొలగించడం శౌచం కాదు. దాని గమ్యానికి బాధ్యత వహించడమే శౌచం. రేపటి స్నానసంకల్పంలో ఈ ఒక్క ఎరుకను చేర్చుకుందాం.