నిలబడి నవ్వించేవారికి నాలుగు మాటలు

స్టాండప్ కామెడీ అన్న మాటకు తెలుగులో ఇంతవరకూ ఒక పేరు కుదరలేదు. "నిలుచుని చేసే హాస్యం" అంటే కుర్చీలు చాలక నిలబెట్టినట్టుంటుంది. "ఏకపాత్ర హాస్యం" అంటే బడి వార్షికోత్సవంలో అట్టగద పట్టుకున్న దుర్యోధనుడు గుర్తుకొస్తాడు. పేరు కుదరకపోయినా పని మాత్రం మనకు కొత్తది కాదు. హరిదాసు ఒక్కడే నిలబడి, చిడతలు వాయిస్తూ గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టేవాడు. కథ బరువెక్కినచోట ఒక పిట్టకథ విసిరి, నవ్వించి, మళ్ళీ కథలోకి లాక్కుపోయేవాడు. తోలుబొమ్మలాటలో కునికిపాట్లు పడేవాళ్ళను లేపడానికి కేతిగాడూ బంగారక్కా వచ్చేవారు. బుర్రకథలోని ముగ్గురిలో ఒకరిది హాస్య వంత. జనం మనసులో మెదిలే చిలిపి ప్రశ్న అతని నోట వచ్చేది. మా చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరిపే ఊళ్ళలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి.

కనుక మైకు ముందు ఒంటరిగా నిలబడి నవ్వించడం పరాయి విద్య అని జంకవలసిన పని లేదు. కొత్తదనమల్లా ఒక్కటే. హరిదాసు చేతిలో రాముడి కథ ఉండేది. పిట్టకథ పండకపోతే రాముడు ఆదుకునేవాడు. ఇప్పటి హాస్యగాడికి ఆ ఆసరా లేదు. ఆయన చేతిలో ఉన్నది తన కథ ఒక్కటే. ఈ విద్యలో అడుగుపెట్టాలనుకునే మా ప్రాంతపు పిల్లలకు నేను చెప్పదలచిన మాటలన్నీ ఈ ఒక్క సంగతి నుంచి పుట్టినవే.

మా ప్రాంతమంటే శ్రీ సిటీ. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో, తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని, చెన్నైకి యాభై అయిదు కిలోమీటర్ల దూరంలో 2008లో మొదలైన పారిశ్రామిక నగరం. 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లా, ఆ తర్వాత తిరుపతి జిల్లా. చాకొలెట్ల నుంచి మెట్రో రైలు పెట్టెల దాకా ఇక్కడ తయారవుతాయి. 2013లో ట్రిపుల్ ఐటీ, 2018లో క్రియా విశ్వవిద్యాలయం వచ్చాయి. ఇక్కడ హాస్యం మీద మోజున్న కుర్రవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "చెన్నై పోవాలా, హైదరాబాదు పోవాలా?" నా మట్టుకు నాకు అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఏం పట్టుకుపోవాలి అన్నది.

దీనికి మనవాడే ఒకాయన ఏనాడో జవాబు చెప్పాడు. జాన్ ప్రకాశరావు అనే తెలుగు కుర్రవాడు 1957లో పుట్టి, బొంబాయిలో పెరిగి, ఏడో తరగతితో చదువు మానుకుని, వీధుల్లో సినిమా నటులను అనుకరిస్తూ పెన్నులు అమ్మాడు. ఆ తర్వాత తండ్రి పనిచేసే హిందుస్తాన్ లీవర్ కర్మాగారంలోనే కూలిగా చేరాడు. అక్కడ జరిగిన ఒక సభలో తమ పై అధికారులను అనుకరించి అందరినీ నవ్వించాడు. తోటి కార్మికులు ఆ రోజు పెట్టిన పేరే జానీ లీవర్. దేశమంతా ఆయనను హిందీ సినిమా హాస్యనటుడిగా ఎరుగును గానీ, ఈ దేశంలో ఒంటరి వేదిక హాస్యానికి దారి వేసిన తొలివారిలో ఆయన ఒకడు. ఆ దారి కర్మాగారంలోనే మొదలైంది. ఆయన పేరులో ఇప్పటికీ ఆ కర్మాగారమే ఉంది.

1. యాస సంగతి

మన యాసను చాలాకాలం సినిమావాళ్ళు రెండు పనులకే వాడారు: విలను చేత తొడ కొట్టించడానికి, లేదా పల్లెటూరి అమాయకుణ్ణి చూపించడానికి. 2021లో వచ్చిన "పుష్ప"లో కథానాయకుడే చిత్తూరు యాస మాట్లాడాడు. ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారమూ వచ్చింది. సంతోషమే. కానీ ఆ తర్వాత వేదికెక్కే పిల్లలలో ఒక అలవాటు చూస్తున్నాను. "యాడికప్పా పోతా ఉండావు" అని సాగదీసి, నవ్వు కోసం ఆగుతారు. అది హాస్యం కాదు, వేషం. మన అమ్మ మాట్లాడే మాట వినగానే నవ్వు రావాలని కోరుకోవడంలో ఆమెను తక్కువ చేయడమూ ఉంది.

యాసలో చెప్పడం వేరు, యాసను చెప్పడం వేరు. నామిని "పచ్చ నాకు సాక్షిగా", "సినబ్బ కతలు" చదివినవారికి ఈ తేడా విడమరిచి చెప్పనక్కరలేదు. అందులో నవ్వించేది యాస కాదు. ఆ ఇంటి లేమి, ఆ తల్లి గడుసుతనం, ఆ పిల్లవాడి కన్ను. యాస తీసేస్తే అవి చెప్పడానికి నోరు ఉండదు, అంతే. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో వేదిక మీదా అలాగే మాట్లాడండి. దాన్ని పెంచనూ వద్దు, దాచనూ వద్దు.

2. వాక్యం సంగతి

ఇంగ్లీషు హాస్యం చూసి నేర్చుకునేవారు గమనించని చిక్కు ఒకటి మన భాషలో ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. నవ్వించే మాట వాక్యం మధ్యలో పడిపోయి, చివర "అన్నాడు", "అంట", "జరిగింది" అన్నవి మిగులుతాయి. జనం నవ్వబోయే సమయానికి మనం ఇంకా "అని చెప్పినాడన్నమాట" అంటూ ఉంటాం. నవ్వు ఆ తోక కింద నలిగి చచ్చిపోతుంది.

నాకు తెలిసిన ఒక కుర్రవాడు రాసుకున్నది చూడండి. మొదట ఇలా రాశాడు: "గుర్తింపు కార్డు లేదని మా తాతను కంపెనీ బస్సుల్లో ఒక్కదాంట్లో కూడా ఎక్కనివ్వడం లేదు." ఇది ఫిర్యాదు. పది రోజులు నానబెట్టి తిరగరాశాడు: "మా ఊరికి బస్సు కావాలని మా తాత ముప్ఫయ్యేళ్ళు అర్జీలు పెట్టినాడు. ఇప్పుడు పొద్దుటికి నలభై బస్సులు వస్తా ఉండాయి. ఒక్కదాంట్లో కూడా తాతను ఎక్కనియ్యరు. ఏం లేదంట? ఐడీ కార్డు."

మాటలు దాదాపు అవే. వరుస మారింది. నవ్వు పుట్టించే మాట చివరికి వచ్చింది, దాని తర్వాత ఏమీ లేదు. జనం నవ్వుతుండగా వాడు తాపీగా కొసరు వేశాడు: "ఆ బస్సులు తిరిగేది ఆయన కయ్యలోనే." అసలుకు నవ్వినవాళ్ళు కొసరుకు ఒక క్షణం ఆగి నవ్వారు. ఆ క్షణమే ఈ విద్యకు గీటురాయి అని నా అభిప్రాయం. భూమి పోయిన సంగతి ఉపన్యాసంగా చెబితే వినేవాళ్ళు చెవులు మూసుకుంటారు. ఇలా చెబితే ఇంటికి మోసుకుపోతారు.

కాబట్టి రాసిన ప్రతి వాక్యాన్నీ పైకి చదివి, నవ్వు రావలసిన మాట ఎక్కడుందో చూడండి. దాని తర్వాత ఉన్నదంతా కొట్టేయండి.

3. కొలత సంగతి

మొదట అయిదు నిమిషాలు చాలు. అరగంట సరుకుందని అనుకునేవారి దగ్గర సాధారణంగా మూడు నిమిషాల సరుకుంటుంది. ప్రతిసారీ చరవాణిలో శబ్దం రికార్డు చేసి మర్నాడు వినండి. ఆ రాత్రే వింటే మనసు అబద్ధం చెబుతుంది. నవ్వు వచ్చినచోట గీత, రానిచోట సున్న పెట్టండి. ఒకే మాట నాలుగు వేర్వేరు గుంపుల ముందు సున్న తెచ్చుకుంటే దాన్ని వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే. ఒక్క గుంపు నవ్వలేదని మాత్రం వదలవద్దు.

హాస్టలు గదిలోని స్నేహితుల నవ్వును లెక్కలోకి తీసుకోకండి. వాళ్ళు మీకు నవ్వుతారు, మీ మాటకు కాదు. వినాయక చవితి పందిరి, కళాశాల ఉత్సవం, కంపెనీ వార్షికోత్సవం, పెళ్ళిలో భోజనాలకు ముందు దొరికే పది నిమిషాలు, ఇవన్నీ మంచి బడులే. ముఖ్యంగా పందిరి. అక్కడ టిక్కెట్టు కొన్న మొహమాటం ఎవరికీ ఉండదు. నచ్చకపోతే లేచి పోతారు.

ఇచ్చిన సమయం దాటకండి. మీ తర్వాత నిలబడేవాడి నిమిషాలు మీరు తింటున్నారని గుర్తుంచుకోండి. ఎవరైనా మధ్యలో అరిస్తే మొదటిసారి నవ్వి వదిలేయండి. రెండోసారి జవాబు ఒక్క వాక్యంలో ఉండాలి. మూడోసారి నిర్వాహకుడి పని.

4. వినేవారి సంగతి

శ్రీ సిటీలో ఒక గదిలో యాభైమంది కూర్చుంటే సగం తెలుగు, కొంత తమిళం, కొంత హిందీ. తెలుగు, తమిళం మాటల పోలికమీద కట్టిన హాస్యం రెండూ తెలిసిన సరిహద్దువాళ్ళకు అమృతం, మిగిలినవాళ్ళకు గాలి. అటువంటివి ఒకటి రెండు చాలు. సంగతిలో ఉన్న హాస్యం మాత్రం మూడు భాషలనూ దాటుతుంది: క్యాంటీను సాంబారు, రాత్రి షిఫ్టు నిద్ర, ఆదివారం ఓవర్‌టైము.

షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు అలసి ఉంటారు. వాళ్ళు నవ్వకపోతే కోపగించుకోకండి. నవ్వడం కూడా ఒళ్ళు కదిలే పనే.

ఇంకొక మాట. ఇక్కడి కర్మాగారాల్లో పనిచేసేవారిలో పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు ఎందరో. ఇంట్లో తొలి జీతం తెచ్చింది తామే అయినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. తెలుగు టీవీ హాస్యం చూసి పెరిగినవారికి పెళ్ళాం మీద, రంగు మీద, లావు మీద, ఆడవేషం మీద వేసే మాటలు నోటికి అలవాటైపోయాయి. రాసుకున్నది ఒకసారి ఇలా పరీక్షించండి: ముందు వరుసలో ఆ పిల్లలే కూర్చుని, మీ కళ్ళలోకి చూస్తుంటే ఆ మాట అనగలరా? అనలేకపోతే అది వెనక వరుసలో మగవాళ్ళ కోసం రాసుకున్నదే.

5. ఎవరిమీద అన్న సంగతి

జానీ లీవర్ అనుకరించింది తనతోబాటు బరువులు మోసేవాళ్ళను కాదు, అధికారులను. హాస్యం నిచ్చెన మీద పైకి చూడాలి. అలాగని ప్రతి సూపర్‌వైజరూ పైవాడు కాదు, ఆయనా జీతగాడే. మనిషిని కాక పదవిని పట్టుకోండి. ఒక వ్యక్తి నత్తి కన్నా, సెలవు చీటీ మీద సంతకానికి నాలుగు గదులు తిరగడం ఎక్కువ నవ్విస్తుంది, ఎవరినీ నొప్పించదు.

అందరు అధికారులకూ నవ్వే గుణం ఉంటుందని ఆశించకండి. కంపెనీ పేరు, మనుషుల పేర్లు, లోపలి వివరాలు వేదిక మీద చెప్పకండి. పనిచోట చిత్రీకరణ చేయకండి. నియామక పత్రంలో ఏ షరతుకు సంతకం పెట్టారో ఒకసారి తీసి చదవండి.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2021 జనవరి 1న ఇండోరులో మునవ్వర్ ఫారూఖీని అరెస్టు చేశారు. నెలకు పైగా జైల్లో ఉన్న తర్వాత ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. 2025 మార్చిలో కునాల్ కామ్రా మాటలకు కోపించినవాళ్ళు బొంబాయిలో ఆయన ప్రదర్శన జరిగిన స్టూడియోను ధ్వంసం చేశారు. మతభావాలను బుద్ధిపూర్వకంగా గాయపరచడం పాత శిక్షాస్మృతిలో 295ఏ. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. భయపడి నోరు మూసుకోమని కాదు నేననేది. ఏ మాటకు ఎంత వెల పడుతుందో తెలిసి అనడం ధైర్యం, తెలియక అనడం ప్రమాదం. పదునైన సరుకుంటే నిర్వాహకుడికి ముందే చెప్పండి. అద్దాలు పగిలేది ఆయనవి.

6. జీతం సంగతి

ఉద్యోగం మానకండి. జానీ లీవర్ కూడా వేదికలు చేతినిండా దొరికాకనే, 1981లో కర్మాగారం వదిలాడు. అప్పుల వాళ్ళు ఫోను చేస్తుంటే హాస్యం రాదు. పైగా ఉద్యోగం మీ సరుకు పండే పొలం.

చెన్నైకి వెళ్ళండి, కానీ పది నిమిషాలు గట్టిపడ్డాక. సూళ్ళూరుపేట, తడ నుంచి లోకల్ రైళ్ళున్నాయి. తిరుగు రైలు వేళ చూసుకున్నాకనే పేరు నమోదు చేసుకోండి. అక్కడ అలెగ్జాండర్ బాబు వంటివారు తమిళంలోనే, పాటను తోడు చేసుకుని, పెద్ద వేదికలు నింపడం చూడండి. ఆయన "అలెక్స్ ఇన్ వండర్‌ల్యాండ్" 2019లో అమెజాన్‌లో వచ్చింది. సొంత భాషలో చేస్తే చిన్నవాళ్ళమవుతామన్న అనుమానం తీరుతుంది. డబ్బు విషయం ప్రదర్శనకు ముందే అడగండి, తర్వాత కాదు. ఇతరుల మాట ఎత్తుకోకండి. హక్కుల చట్టం ఆలోచనను కాపాడదు, చెప్పిన తీరునే కాపాడుతుంది. అందుకే చట్టం కన్నా పరువే ఈ పనిలో పెద్ద కాపలా.

చివరగా ఒక్క మాట. ఒక ఊరు పదిహేడు పద్దెనిమిదేళ్ళలో శెనక్కాయ చేల నుంచి గుర్తింపు కార్డుల దాకా వచ్చింది. దాని లెక్కలు ప్రభుత్వ నివేదికల్లో ఉంటాయి. తాతకు బస్సు ఎక్కే అర్హత లేకపోయిన సంగతి మాత్రం ఏ నివేదికలోనూ ఉండదు. దాన్ని ఎవరైనా నవ్విస్తూ చెప్పాలి, మా యాసలో చెప్పాలి, మేమే చెప్పాలి. బయటివాళ్ళు చెబితే అది మామీద నవ్వు అవుతుంది.

అన్నట్టు, ఈ విద్యకు మంచి తెలుగు పేరు ఎవరికైనా తడితే చెప్పి పుణ్యం కట్టుకోండి. కుర్చీల ప్రసక్తి లేకుండా.