గుర్రానికో న్యాయం, పేకముక్కకో న్యాయం

చర్లపల్లిలో పేకముక్కల మీద పందెం కాస్తే పోలీసులొస్తారు. అదే డబ్బు మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రం మీద కాస్తే టికెట్ చింపిస్తారు. గుర్రప్పందెం అదృష్టం కాదు, నైపుణ్యమని 1996లో సుప్రీంకోర్టు అంది. సరే. రమ్మీ కూడా నైపుణ్యమేనని అదే కోర్టు 1967లో, అదీ సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే చెప్పింది కదా! అయినా 2017లో తెలంగాణ చట్టం మార్చి, డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధించింది. గుర్రం మాత్రం పరుగెడుతూనే ఉంది.

ఇప్పుడా గుర్రం కుంటుతోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. ప్రభుత్వమే ఆదుకోవాలని రేసుల లోకం మొర.

అందులో ఒక ముక్క న్యాయమే. క్లబ్బుకు మిగిలే కమీషన్ మీద కాకుండా పందెం మొత్తం మీద పన్నేస్తే ఆడేవాడు దొంగ బుకీ దగ్గరికి పోతాడు, ఖజానాకు సున్నా. ఆ లెక్క సరిచెయ్యండి. అంతకుమించి పైసా వద్దు.

సాయీసుల పొట్ట కొట్టకండి అంటారు. నిజమే, కొట్టొద్దు. అయితే సాయం వాళ్ళ చేతికే ఇవ్వండి, గుర్రాల మేతకివ్వండి. క్లబ్బు ఖాతాలో ఎందుకు?

చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ షెడ్డు మూతపడితే కూలీకి మనం చెప్పేది ఒక్కటే: ఇంకో పని చూస్కో. గుర్రప్పందేనికి ఆ మాట చెప్పడానికి నోరెందుకు రాదు?