ఏ స్తంభానికి బిగిస్తారు? చిన్న సెల్ పరీక్షలు, మన వాడలు

సెల్ టవర్‌ను ఊరి నడుమ నిలబెట్టినా, దాని సిగ్నల్ ఊరి చివరి ఎస్సీ కాలనీ దాకా వస్తుంది. ఇప్పుడు వస్తున్న ‘స్మాల్ సెల్’ అలాంటిది కాదు. చేతి సంచిలో పట్టేంత పెట్టె అది. కరెంటు స్తంభానికో, వీధి దీపానికో, బస్ షెల్టర్‌కో బిగిస్తారు. దాని పరిధి కొన్ని పదుల మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల వరకే. అంటే సిగ్నల్ ఎవరికి అందాలో ఆ పెట్టెను బిగించిన స్తంభమే తేలుస్తుంది. బోరు ఎక్కడ వేశారు, మంచినీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టారు, సీసీ రోడ్డు ఎక్కడ ఆగిపోయింది అని మనం ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్నల్లోకి ఇకపై రేడియో తరంగాలనూ చేర్చుకోవాలి.

ఇది రేపటి సంగతి అనుకోవడానికి లేదు. 2024 మార్చిలో కేంద్ర టెలికాం శాఖ ‘స్పెక్ట్రమ్ రెగ్యులేటరీ శాండ్‌బాక్స్’ మార్గదర్శకాలు తెచ్చింది. కొత్త వైర్‌లెస్ పరికరాలను పరీక్షించుకోవడానికి ప్రత్యేక ప్రాంతాలు గుర్తిస్తారు. వాటికి ‘వైట్ జోన్లు’ అని పేరు. విద్యాసంస్థలు, పరిశోధన కేంద్రాలు, ప్రభుత్వాలు, టెలికాం కంపెనీలు, పరికరాల తయారీదారులు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ జోన్లను రెండు రకాలుగా విభజించారు: పట్టణ ప్రాంతాలు, మారుమూల ప్రాంతాలు. మమ్మల్ని ఆపింది ఆ రెండో మాటే. మారుమూల ప్రాంతమంటే ఇంజనీరుకు అంతరాయం తక్కువగా ఉండే చోటు. కానీ అక్కడ ఉండేది మన మనుషులు.

ప్రయోగ లైసెన్సు మీద జనానికి వాణిజ్య సేవలు ఇవ్వకూడదు. ఇతరుల సిగ్నల్‌కు అడ్డు రాకూడదు, ఇతరుల వల్ల తమకు అడ్డు వస్తే రక్షణ అడగకూడదు. పరీక్షకు ఆ నియమం సబబే. అయితే గడువు తీరాక పెట్టె విప్పుకుని వెళ్తారు. ఏ పల్లెలో పరీక్షించారో ఆ పల్లెకు ఏమి మిగలాలన్న ప్రశ్న ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

పరీక్షలో నెగ్గిన పరికరం మొదట ఎక్కడికి వెళ్తుందో కూడా చూడాలి. స్తంభాల మీద స్మాల్ సెల్స్ బిగించడంపై ట్రాయ్ 2022 నవంబరులో సిఫారసులు ఇచ్చింది. అంతకుముందు అది పైలట్ ప్రాజెక్టులు నడిపిన చోట్లు నాలుగు: భోపాల్ స్మార్ట్ సిటీ, ఢిల్లీ విమానాశ్రయం, కాండ్లాలోని దీనదయాళ్ ఓడరేవు, బెంగళూరు మెట్రో. ఒక్క గ్రామ పంచాయతీ కూడా లేదు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం రైట్ ఆఫ్ వే నిబంధనలు సవరించి స్తంభానికి అద్దె ఖరారు చేసింది: పట్టణంలో ఏడాదికి 300 రూపాయలు, పల్లెలో 150. పల్లె స్తంభం సగం ధరకే దొరుకుతుంది. అయినా ముందుగా వెలిగింది విమానాశ్రయమే.

ఎర్రుపాలెం సంగతి చూద్దాం. కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఖమ్మం జిల్లా మండలం. ఎస్సీలకు రిజర్వు చేసిన మధిర నియోజకవర్గంలో భాగం. రాష్ట్రం 2014లో విడిపోయినా టెలికాం లెక్కల్లో రెండు రాష్ట్రాలూ ఒకే ‘ఆంధ్రప్రదేశ్ సర్కిల్’గా వేలంలోకి వెళ్తున్నాయి. కాబట్టి సరిహద్దు ఒక నెపం కాకూడదు. ఇక్కడి కరెంటు స్తంభాలు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థవి. మధిర ఎమ్మెల్యే, ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క చేతిలోనే విద్యుత్ శాఖ ఉంది. రేపు ఈ స్తంభాలు అద్దెకిచ్చే ఒప్పందం వస్తే, అందులో ‘ఊరికి ఎన్ని, ఎస్సీ కాలనీకి ఎన్ని’ అనే ఒక్క షరతు రాయించడం ఆయనకు కష్టమేమీ కాదు. రాయించకపోతే స్తంభాల ఎంపిక కంపెనీ సర్వేయరు చూసుకుంటాడు. రీఛార్జి ఎక్కువ చేసే వీధి ఏదో అతనికి ముందే తెలుసు.

ఇంకో చిక్కు ఉంది. భద్రాచలం అడవి వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు కొంత బలమిస్తుంది. కాగితం మీదైనా ఆ బలం ఉంది. ఎర్రుపాలెం లాంటి మైదాన మండలంలోని దళితవాడకు అదీ లేదు. అడవి వైపున్న బలం కూడా సిగ్నల్ దగ్గర ఎంత పని చేసిందో తెలిసిందే. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో మొదటి విడత కింద పెట్టిన 2,343 కేంద్రాలను 2జీ నుంచి 4జీకి మార్చడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నది 2022 ఏప్రిల్‌లో.

సిగ్నల్ లేకపోతే పోయేది సినిమా కాదు, కూలి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే హాజరు తప్పనిసరి అయింది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు ఫోన్ లేని, సిగ్నల్ లేని పిల్లలు ఎవరో మనకు తెలుసు. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి సుమారు 15 శాతమే. ఇక రేడియేషన్ భయం మా వాదన కాదు. ఈ పెట్టెల శక్తి టవర్ కంటే చాలా తక్కువ. మా గొడవ వాటా గురించి.

ఉమ్మడి స్పెక్ట్రమ్‌లో వాటా ఎలా ఉంటుందో సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో 3550–3700 మెగాహెర్ట్జ్ పట్టీని 2015లో మూడు అంతస్తులుగా పంచారు. మొదటి హక్కు నౌకాదళ రాడార్లది. రెండోది వేలంలో డబ్బు కట్టినవాళ్లది. ఆ ఇద్దరూ వాడగా మిగిలింది ఎవరైనా వాడుకోవచ్చు, కానీ పైవాళ్ల మీద ఫిర్యాదు చెల్లదు. ఎవరు ఎప్పుడు ఎక్కడ వాడాలో కంప్యూటర్ వ్యవస్థ చెబుతుంది. చివరి ఆయకట్టుకు నీళ్లు అందే పద్ధతి ఇదే. అయితే అదే అమెరికా 2020లో మరో పట్టీలో, 2.5 గిగాహెర్ట్జ్‌లో, వేలానికి ముందే మూలవాసీ తెగలకు ఒక గడువు ఇచ్చింది. తమ గ్రామీణ నేల మీది స్పెక్ట్రమ్‌ను వాళ్లు వేలం లేకుండా తీసుకోవచ్చు. నాలుగు వందలకు పైగా దరఖాస్తులు వచ్చాయి.

మన దగ్గర అలాంటి తలుపు తెరవలేదు. టీవీ ఛానెళ్ల నడుమ ఖాళీగా ఉండే పట్టీని మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా పల్లెల్లో ఐఐటీ బొంబాయి పరీక్షించి చూపింది. గ్రామీణ ఇంటర్నెట్ కోసం చేసిన ఆ పనికి 2017లో మొజిల్లా బహుమతి కూడా వచ్చింది. ఆ పట్టీని వేలం లేకుండా ఇవ్వొద్దని టెలికాం కంపెనీల సంఘం అడ్డుపడింది. పరీక్ష నెగ్గినా పట్టీ పల్లె చేతికి రాలేదు.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. ఆ మాటను నిజంగా పరీక్షకు పెట్టింది జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు దళిత మహిళలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1998 నాటికే స్టూడియో పెట్టుకున్నారు. ప్రసారానికి అనుమతి లేక పదేళ్లు కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంగం రేడియో మోగింది. దాన్ని నడిపిన జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ ఇంజనీర్లు కారు. స్పెక్ట్రమ్ దళితుల చేతికి వస్తే ఏం చేస్తారని అడిగేవాళ్లకు ఈ రాష్ట్రంలోనే జవాబు ఉంది.

కాబట్టి అడగాల్సినవి సూటిగా అడుగుదాం. పరీక్షకు ముందు గ్రామసభలో చెప్పాలి, ఏ స్తంభమో నంబరుతో సహా. ఎస్సీ కాలనీలో కనీసం ఒక పెట్టె ఉండాలి. పరీక్ష ముగిశాక బడికీ అంగన్‌వాడీకీ కనెక్షన్ మిగలాలి, దాని ఖర్చు డిజిటల్ భారత్ నిధి నుంచి రావాలి. కొలతల ఫలితాలు పంచాయతీ గోడ మీద తెలుగులో ఉండాలి.

విద్యార్థి మిత్రులు ఈ వారమే మొదలుపెట్టగల పని ఒకటుంది. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ఏ సంస్థలకు ఏ ఫ్రీక్వెన్సీల్లో ప్రయోగ లైసెన్సులు ఇచ్చారో కేంద్ర టెలికాం శాఖను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. స్తంభాల అద్దె ఒప్పందాల నకళ్లను విద్యుత్ పంపిణీ సంస్థను అడగవచ్చు. టెలికాం శాఖకు పెట్టే దరఖాస్తు రుసుము 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు.