రోడ్డు పాలు

మొన్న సాయంత్రం లీటరున్నర గేదె పాలు రోడ్డు పాలయ్యాయి. ఆ మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఈ ముచ్చట.

పాలు పోయించుకుని క్యాను చేత పట్టుకుని కురిచేడులోకి నడిచొస్తున్నా. గేదెలు ఇళ్లకు మళ్లే వేళ. వెనకనుంచి సైలెన్సర్లు పీకేసిన చప్పుడు. ఒకటి కాదు, మూడు బళ్లు. ఒకడు నా కుడి పక్కనుంచి పోయాడు. ఇంకొకడు ఎడమ పక్కనుంచి, అంటే నాకూ కంపచెట్లకూ మధ్యనుంచి! గుండె ఝల్లుమని దూకేశా. క్యాను మూత ఊడి దొర్లుకుంటూ పోయింది. పాలు తారు మీద తెల్లగా పారి ఓ గుంటలో చేరితే, కుక్కొకటి వచ్చి తాపీగా నాక్కుంది.

ఇంటికొచ్చి చెబితే పక్కింటి వదిన నవ్వింది. "పెద్దలు ఊరికే అన్నారా వదినా, పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని!"

ఆగమ్మా. పరుగెత్తింది వాళ్లయితే పాలు పోయింది నాకు గదా! ఆ సామెతలో పరుగెత్తినోడికి పాలన్నా దొరుకుతాయి. వీళ్లకేం దొరికింది? కాలువ దాకా ఒకడి కంటే ఒకడు ముందు పోయాడు, అంతే. పోనీ నిలబడి నీళ్లు తాగేవాడన్నా చల్లగా ఉన్నాడా? రోడ్డు పక్కన నిలబడితే చాలు, గుద్దేసి పోయేట్టున్నారు. ఇక నిలబడేదెక్కడ, నీళ్లు తాగేదెక్కడ?

అసలు పరుగంటే నాకేం కోపం లేదు. పందేలంటే ప్రాణం పెట్టే సీమ మనది. తిరునాళ్లలో ఒంగోలు గిత్తల బండలాగుడు చూడండి. రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు. కొలతేసిన బరి, టైము చూసేవాళ్లు, జనం లోపలికి రాకుండా కట్టిన తాడు. ఎద్దు కాలు మడతపడితే పదిమంది పరుగెత్తుకొస్తారు. ఎద్దులకే ఇంత ఏర్పాటు చేసే ఊళ్లో, మన పిల్లలకేమో గేదెలూ ముసలాళ్లూ ట్రాక్టర్లూ తిరిగే రోడ్డే బరి అయింది.

అదే అంటే వదిన ఇంకో మాట అంది. "హైదరాబాదులో సర్కారే రోడ్డు మీద కార్ల రేసు పెట్టలేదా? మావాడు కాస్త స్పీడుగా పోతే తప్పొచ్చిందా?"

ఆ మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నిజమే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. వదినా, అది పేరుకే రోడ్డు. 2.83 కిలోమీటర్ల దారి మూసేసి, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, పైన ఇనప కంచెలు కట్టారు. మలుపు మలుపుకూ జెండాలతో మనుషులు, అంబులెన్సులు. ఎదురొచ్చే బండి ఒక్కటి లేదు. అంతకు ముందు 2022 నవంబరులో అక్కడే ఇండియన్ రేసింగ్ లీగ్ పెడితే కార్లు గుద్దుకున్నాయి, పొద్దుపోయింది, రేసులు ఆపేశారు. ఆపమంటే ఆగాలి, అదీ రేసంటే. మనవాళ్లని ఆపేదెవరు? కరెంటు స్తంభమా?

ట్రాక్ మీద చావు రాదని నేననను. 2023 ఆగస్టులో మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద 13 ఏళ్ల బెంగళూరు పిల్లాడు రేసులో పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. హెల్మెట్టు, తోలు సూటు, పక్కనే డాక్టర్లు, అన్నీ ఉన్నచోటే అంత పనయింది. మరి హవాయి చెప్పులేసుకుని, తలకి ఏమీ లేకుండా, వెనక ఇద్దరిని ఎక్కించుకుని పోయేవాడి సంగతేంది? గంటకి 80 అంటే సెకనుకి 22 మీటర్లు. స్పీడు రెండింతలయితే బ్రేకేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. మన రోడ్ల మీద ఒకచోట కంది కట్టె, ఒకచోట ఆరబోసిన వడ్లు, ఇంకోచోట ఇసుక. 2021లో సినిమా హీరో సాయి ధరమ్ తేజ్ హైదరాబాదులో బైకు జారి పడింది రోడ్డు మీది ఇసుక వల్లేనన్నారు. తలకి హెల్మెట్టుంది, మనిషి దక్కాడు. 2011లో క్రికెటర్ అజారుద్దీన్ గారి 19 ఏళ్ల కొడుకు ఔటర్ రింగ్ రోడ్డు మీద 1000 సీసీ బండి నుంచి పడి దక్కలేదు. వెనక కూర్చున్న బంధువుల పిల్లాడూ దక్కలేదు. అంత పెద్ద నగరంలోనే అట్టా అయితే, తలకి దెబ్బ తగిలితే ఒంగోలో గుంటూరో పరుగెత్తాల్సిన మనకి దారిలోనే తెల్లారుతుంది.

ఇప్పుడు నా కోపం పిల్లల మీద కూడా కాదు. మీసం రాని వాడికి బండి కొనిచ్చి, "మావాడు భలే తోల్తాడు" అని అరుగు మీద చెప్పుకునే పెద్దోళ్ల మీద. అనుమతి లేకుండా రోడ్డు మీద బళ్ల పందెంలో దిగితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మైనరు తప్పు చేస్తే 2019 సవరణ ప్రకారం తండ్రికో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. ఇంత ఉండీ ఎస్సై పట్టుకుంటే, విడిపించమని నాయకుడి ఇంటికి పోయేది మనమే!

అంత సరదా ఉంటే పక్క మండలం దొనకొండలో యుద్ధకాలం నాటి విమానాల మైదానం పనికి రాకుండా పడుంది. మద్రాసు వాళ్లు ఏళ్ల తరబడి రేసులాడిన షోలవరం కూడా అట్టాంటి పాత రన్‌వేనే. అడగండి, కంచె కట్టించండి, గడ్డిమోపులు పేర్చండి, అంబులెన్సు పెట్టించండి. సంతకం కావాలంటే మొదటిది నాదే.

అప్పటిదాకా, వదినా, ఇవాళ్టి నుంచి పాలకి నువ్వెళ్లు. అదే రోడ్డు, అదే టైము. క్యాను అరుగు మీద బోర్లించి ఉంది, మూత కాస్త సొట్ట పోయింది, చూసుకో.