ఆ అడవి ఖాళీగా లేదు

మన ఆడవాళ్లు రాసే యాత్రా వ్యాసాల్లో ఒక మాట తరచూ కనపడుతుంది: ‘మనిషి అడుగు పడని అడవి’. తొర్రూరు నుంచి వరంగల్, ములుగు మీదుగా తాడ్వాయి వెళ్లి, రెండు రోజులు అడవి దారుల్లో తిరిగి వచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. తోడు లేకుండా గడప దాటనివ్వని ఇళ్లనుంచి వచ్చినవాళ్లం. ఆ నడకలోని స్వేచ్ఛను తక్కువ చెయ్యను. ఆ మాటను మాత్రం ఒప్పుకోలేను.

అడుగు పడకపోవడమేమిటి? మనం ట్రెక్కింగ్ అని మురిసిపోయే కాలిబాట ఎవరి నడకతో పడింది? తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లే కోయ స్త్రీలది కాదా ఆ నడక? ఎండలు ముదిరాక తునికాకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టేదీ వాళ్లే. మనం నడిస్తే సాహసం, వాళ్లు నడిస్తే కూలిపనా?

ఏటూరునాగారం అభయారణ్యాన్ని ప్రకటించింది 1950ల్లో. గూడేలు అంతకన్నా పాతవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. తరతరాలుగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కు వాళ్లదేనంటుంది. పెళ్లయినవాళ్లకు భూమి హక్కును భార్యాభర్తలిద్దరి పేర్లమీదా నమోదు చెయ్యాలంటుంది. ఆస్తిలో స్త్రీ పేరు కోసం దశాబ్దాలుగా రాస్తున్న మనం ఈ సెక్షన్ గురించి ఎన్ని వ్యాసాలు రాశాం?

జంతువులకు నిశ్శబ్దం కావాలి కదా అంటారు. కావాలి. అయితే ఆ నియమం మన కార్ల హారన్లతో, మనం పారేసే ప్లాస్టిక్ సీసాలతో మొదలవ్వాలి, ఆకు కోసే చేతులతో కాదు.

2024 ఆగస్టు 31న పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేల చెట్లు కూలాయి. చెట్లకోసం బాధపడ్డాం. మంచిదే. వాటి కింద ఏరుకుని బతికే ఆడవాళ్లు ఏం పోగొట్టుకున్నారని మనలో ఎంతమందిమి అడిగాం?

పులుల మధ్య దొరికిన పసిపాప, కరువులో కప్పం కట్టమన్న కాకతీయ రాజును ఎదిరించిన కోయ వీరనారి అని సమ్మక్కను చెప్పుకుంటాం. రెండేళ్లకోసారి మేడారంలో బంగారమని బెల్లం సమర్పిస్తాం. జాతర ముగిశాక ఆమె మనుషులున్న అడవినే నిర్జనమంటాం!

అడవికి వెళ్దాం, తప్పక వెళ్దాం. కానీ గ్రామసభను అడగకుండా కట్టే కుటీరాల్ని, గూడెం ఆడవాళ్లకు వాటా లేని పర్యాటక ఆదాయాన్ని ప్రశ్నించకుండా మన స్వేచ్ఛ గురించి మాత్రమే రాసుకుంటే, అది స్త్రీవాదం అనిపించుకోదు. సెలవుల ముచ్చట అవుతుంది.