ప్రమాణములు మారిన కబురు పడుగునకు ముందే అందవలెను

గడచిన సంవత్సరము మా సంఘము పంపిన దుప్పట్లలో 60 తిరిగి వచ్చినవి. ఎర్ర అంచు రంగు ఉతుకులో తెల్ల నేత మీదికి దిగినదని కారణము వ్రాసిరి. కొలత తగ్గలేదు, నేత పలుచబడలేదు. ఆర్డరు కాగితములో ఉతుకు పరీక్షకు ఒక నెంబరు, దాని ప్రక్కన ఒక అక్షరము ఉన్నవి. మేము నెంబరు చూచితిమి గాని అక్షరము చూడలేదు. తప్పు కొన్నవారిది కాదు, నేసినవారిది అసలే కాదు. కాగితము చదువవలసిన కార్యాలయము వారిది, అనగా మాది. నేసినవారికి కూలి చెల్లించితిమి. నష్టము సంఘము మీద పడినది. సంఘము నష్టమనగా మరు సంవత్సరము సభ్యుల బోనసు తగ్గుటయే గదా!

ఆ అక్షరము సంగతి అందరును తెలిసికొనదగినది. పూర్వము ఉతుకులో రంగు నిలుచునా లేదా అని చూచుటకు ఐదు పరీక్షలు వేర్వేరు నెంబర్లతో ఉండెడివి. 2006లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ వారు ఆ ఐదింటిని ఒకే పుస్తకములో చేర్చి ఐ.ఎస్.ఓ. 105-సి10 అని పేరు పెట్టిరి. మన దేశములోను అదే వాడుకలోనికి వచ్చినది. అందు ‘ఎ’ పరీక్షకు 40 డిగ్రీల వేడిలో అరగంట సేపు సబ్బు నీరు చాలును. ‘సి’ పరీక్షకు 60 డిగ్రీల వేడి, సబ్బుతో పాటు సోడా కూడ. మొదటిదానికి నిలిచిన రంగు మూడవదానికి నిలుచునన్న నమ్మకము లేదు. మా రంగుల పని వారు మొదటిదానికి అలవాటు పడినవారు. ఆర్డరు మూడవదానికి వచ్చినది.

“ఈ నెంబర్లన్నియు మిల్లు గుడ్డకు గాని మగ్గపు గుడ్డకేల?” అని పెద్దలు కొందరు మమ్ము అడిగిరి. వారి యందు గౌరవముతోనే జవాబు చెప్పుచున్నాము. మన తాతలు గుడ్డను పుంజములతో లెక్కగట్టలేదా? పుంజమనగా 120 పోగులు. కోస్తా రేవులలో కంపెనీ వర్తకులు తానులు కొన్ననాడు ఇన్ని పుంజముల గుడ్డ అనియే బేరము. ప్రమాణము మనకు క్రొత్త కాదు. ఆనాటి లెక్క మన నోటిలో, మన భాషలో ఉండెను. నేటి లెక్క ఇంగ్లీషు కాగితములో ఉన్నది. కష్టమంతయు అక్కడనే యున్నది.

మా మోక వంటి ఊళ్లకు ఈ కష్టము రెండింతలు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రలోనికి పోగా, బళ్లారి తాలూకా మైసూరులో చేరినది. నాటినుండి సర్కారు ఉత్తరములు కన్నడములో, ప్రమాణముల పుస్తకములు ఇంగ్లీషులో వచ్చుచుండ, మగ్గము ముందు మాట మాత్రము తెలుగులోనే నడచుచున్నది. కబురు మూడు భాషలు దాటి గుంట మగ్గము చేరునప్పటికి పడుగు సగము నేయబడి యుండును. నూలు వర్తకుడు చెప్పినదే ప్రమాణమని నమ్ముట ఇట్లే అలవాటైనది.

పైగా కబురు వచ్చు దారి ఒక్కటి కాదు. 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ అని పుట్టి, 1987 నుండి బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌గా నున్న సంస్థ పరీక్షల పుస్తకములు వేయును. హ్యాండ్లూమ్ మార్కు 2006లోను, ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు 2015లోను జౌళి శాఖ ద్వారా వచ్చినవి. హానికరములైన కొన్ని అజో రంగుల మీద 1997లో నిషేధము పెట్టినది పర్యావరణ శాఖ. వీటన్నిటిని కనిపెట్టుటకు జీతమిచ్చి మనిషిని పెట్టుకొను శక్తి ఏ చిన్న సంఘమునకును లేదు. కాని జీతము లేకయే జరుగు పనులు కొన్ని కలవు.

మొదటిది: అన్ని ప్రమాణములు మనకు అక్కరలేదు. అంగుళమునకు పోగులు, పొడవు వెడల్పులు, తూకము, ఉతుకులో రంగు, వాడరాని రంగులు — ఈ ఐదు చాలును. వీటికొక నోటు పుస్తకము పెట్టి, నెంబరు, సంవత్సరము, సవరణ, చూచిన తేది, చూచినవారి సంతకము వ్రాయవలెను. నెంబరు ప్రక్కనున్న సంవత్సరమే ముఖ్యము. ఒకే నెంబరుతో పాతది క్రొత్తది రెండును ఉండవచ్చును.

రెండవది: నెలకొకసారి, ఒకటవ తేదీన, బ్యూరో వారి వెబ్‌సైటు చూడవలెను. మన దేశములోనే తయారైన ప్రమాణములు అక్కడ ఉచితముగా దొరకును. విదేశపు ప్రమాణమును స్వీకరించిన పుస్తకములకు వెల కలదు. మనలను దెబ్బ తీసినది ఆ రెండవ జాతిదే. అట్టివానికి డబ్బు పెట్టకముందు బెంగళూరు, విజయవాడలలోని వీవర్స్ సర్వీస్ సెంటర్లను అడుగుట మేలు.

మూడవది, అన్నిటికన్న చౌకైనది: ఆర్డరు ఒప్పుకొనక ముందే కొనువారి చేత పరీక్ష వివరము వ్రాయించుకొనుట. ఎంత వేడి, ఎంతసేపు, సోడా ఉన్నదా, ఐదు అంకెల మెట్టులో ఏ అంకె కావలెను — అందు 5 మేలైనది, 1 నాసి. ఈ నాలుగు వాక్యములకు ఖర్చు ఒక్క ఉత్తరము.

నాలుగవది: రంగు వేసిన చిలుపనుండి కొంత నూలు తీసి, తెల్లగుడ్డకు కుట్టి, ఆ వేడిలోనే ఉతికి చూచుట. ‘సి’ పరీక్షకు లీటరు నీటికి 5 గ్రాముల సబ్బు, 2 గ్రాముల సోడా, 60 డిగ్రీలు, అరగంట. వేడి కొలుచు గొట్టము ఒకటి కొనిన చాలును. ఇది సర్టిఫికెట్టు కానేరదు. అయినను తెల్లగుడ్డ ఎర్రబారినచో పడుగు పోయక ముందే తెలియును. మేము ఆనాడు ఈ పని చేసియుండిన 60 దుప్పట్లు తిరిగి వచ్చెడివి కావు.

ఇవి ఒక్కొక్క సంఘము చేసికొనదగినవి. కాని పది సంఘములు ఒకే వెబ్‌సైటును పదిసార్లు చూచుట వృథా శ్రమ. ఇరుగుపొరుగు సంఘములు వంతులు వేసికొని, ఈ నెల ఒకరు, వచ్చు నెల ఒకరు చూచి తక్కినవారికి తెలుపవచ్చును. మన అసోసియేషన్ వారు ఈ పత్రికలో మూడు నెలలకొకసారి ఒక్క పుట కేటాయించి, మారినవి ఏవి, మారనివి ఏవి, తెలుగులో తేదీతో సహా అచ్చు వేయవలెనని మా కోరిక. ‘ఏమియు మారలేదు’ అను మాట కూడ వేయవలెను. అదియు మనకు కావలసిన కబురే.

మరియొక మాట. క్రొత్త ప్రమాణము స్థిరపడక ముందు ముసాయిదాను బ్యూరో వారు అభిప్రాయముల కొరకు బయట పెట్టుదురు. మిల్లుల వారు, లేబొరేటరీల వారు జవాబు వ్రాయుదురు. చేతి నేతలో పోగు పోగుకు సహజముగా వచ్చు తేడాను వారు మన తరఫున చెప్పుదురా? మనము వ్రాయనిచో ఎవరును వ్రాయరు. ఆ పుట వచ్చినచో ముసాయిదాల జాడయు అందే తెలియును.

నూలు తోడి, ఆసులు పోసి, మగ్గము ముందు దినమంతయు కూర్చుండు మన కుటుంబముల పనిలో లోపము లేదు. కాగితము చదువుటలో లోపమున్నది. ఆ లోపము కార్యదర్శులమైన మేము దిద్దుకొనవలసినది. వచ్చు సర్వసభ్య సమావేశములో ప్రతి సభ్యుడును తన కార్యదర్శిని “ఆ నోటు పుస్తకము ఏది?” అని అడుగవలెనని కోరుచున్నాము. మా సంఘములో మమ్మును అడుగుడు.