కుక్కలకు గోమార్లు: ఆకు మందుకూ హద్దుంది

తొలకరి పడితే చాలు, పల్లెల్లో కుక్కల చెవులు గోమార్లతో నిండిపోతాయి. కొన్ని ఊళ్లలో పిడుదులంటారు. చేను కాపలాకు, మంద వెంట తిరగడానికి, రాత్రి వాకిట్లో పడుకోవడానికి కుక్క కావాలి గాని, దాని మందుకు పైసా ఖర్చు పెట్టే ఇల్లు తక్కువ. పత్తికి కొట్టగా డబ్బాలో మిగిలిన పురుగుమందును నీళ్లలో కలిపి గుడ్డతో పూసేవారు ఇంకా ఉండటం శోచనీయం. గోమార్లు రాలుతాయి, నిజమే. కాని మోనోక్రోటోఫాస్ వంటి మందు చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. నాకితే నోటి గుండానూ పోతుంది. కుక్క నురగలు కక్కి, వణికి చస్తుంది. దాన్ని నిమిరే పసిపిల్లల సంగతి వేరే చెప్పాలా?

ఇంతకంటే పెరటి చెట్ల వైపు చూడటం ఎంతైనా మేలు. అయితే ఆకు పసరే కదా, ఏం చేస్తుందిలే అనుకోవడం పొరపాటు. కొందరు పొగాకు కాచిన నీళ్లు పోస్తారు. అందులోని నికోటిన్ కుక్కకూ విషమే. సీతాఫలం గింజల పొడి పేలను చంపుతుంది గాని, కంట్లో పడితే చూపుకే ముప్పు. పాడి పశువుల గోమార్లకు జాతీయ పాడి అభివృద్ధి బోర్డు చెప్పే పసరులో వేపాకు, వస, పసుపు, తులసితోపాటు వెల్లుల్లి ఉంటుంది. గేదెకు పనికొచ్చిందని అదే కుక్కకు పూయరాదు. కుక్క ఒళ్లంతా నాక్కుంటుంది. వెల్లుల్లి కడుపులో పడితే దాని రక్తకణాలు దెబ్బతింటాయి.

ఉన్నవాటిలో వేప నయం. ఒక పాలు వేపనూనెకు పది పాళ్లు కొబ్బరినూనె కలిపి, కళ్లకూ పుండ్లకూ తగలకుండా పలచగా రాయాలి. ముందు కాస్త చోట రాసి, దద్దురు రాకపోతేనే మిగతా ఒంటికి. చిన్న కూనలకూ, పిల్లులకూ వద్దు. వేప వెంటనే చంపదు. గోమారి రక్తం తాగడాన్నీ, గుడ్లు పెట్టడాన్నీ తగ్గిస్తుంది. కనుక ఓపిక కావాలి. కనబడ్డవాటిని పట్టకారుతో చర్మం దగ్గర పట్టి లాగి సబ్బునీళ్లలో వేయాలి. వేళ్లతో నలపరాదు.

అసలు చిక్కు కుక్క ఒంటిమీద కాదు, గోడలో ఉంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి రాలి, నెర్రెల్లో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. రక్తం తాగని గోమార్లు తిండి లేకుండా నెలల తరబడి అక్కడే బతకగలవు. ఒంటికి ఎంత నూనె రాసినా, గొడ్లచావిడి గోడ నెర్రెలు పూడ్చి సున్నం కొట్టకపోతే, కుక్క పడుకునే గోనెపట్టాను వేణ్నీళ్లలో ఉడకేసి ఎండబెట్టకపోతే పదిరోజులకు మళ్లీ మొదటికే వస్తుంది.

జ్వరంతో తిండి మానినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు వెంట రక్తం కారినా అది గోమారి అంటించిన రక్తపు జబ్బు కావచ్చు. దాన్ని ఏ పసరూ కుదర్చలేదు. ఆలస్యం చేయక పశువైద్యునికి చూపాలి.

ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు పిచ్చికుక్క వ్యాధి టీకాలు ఉచితంగా వేస్తుంటారు. అది తొలకరి రోజులే. తెచ్చిన ప్రతి కుక్క చెవులూ ఆ రోజే పరీక్షించి, గోమార్ల మందు కూడా ఇప్పించేందుకు పశుసంవర్ధక శాఖ అధికారులు తగు ఏర్పాట్లు చేయాలి. టీకా సంగతి టముకు వేయించే పంచాయతీలు గోడల సున్నం సంగతి కూడా అదే టముకులో చెప్పించవచ్చు.